అంబాసిడర్ వెనక భాగం దించేముందు

సభకు నమస్కారం. పాత కార్లంటే ప్రాణం పెట్టే ఇంతమందిని ఒకచోట చూడటం చాలా సంతోషంగా ఉంది.

ఈమధ్య అంబాసిడర్ కొన్న కుర్రాళ్లు రంగు పని అయిపోగానే అడిగే మొదటి మాట, "అన్నా, వెనక రెండంగుళాలు దించొచ్చా?" అని. దించొచ్చు. పద్ధతిగా దించిన బండి అందంగానూ ఉంటుంది, మలుపులో నిలకడగానూ ఉంటుంది. కానీ నాదొక ఎదురు ప్రశ్న ఉంది. దించాక గుంతలో పడినప్పుడు ఇరుసు పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుంది? దీనికి మిల్లీమీటర్లలో జవాబు చెప్పగలిగినవాళ్లు దించుకోవచ్చు. చెప్పలేనివాళ్లు ముందు టేపు తీసుకుని బండి కిందికి వెళ్లాలి. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ మిగిలే చోటు గురించే.

బండి సంగతి మీకు తెలిసిందే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో మొదలై, 2014 మే నెలలో ఆగిపోయింది. మధ్యలో గ్రిల్లు మారింది, ఇంజిన్లు మారాయి. వెనక మాత్రం చివరిదాకా ఒకటే ఏర్పాటు: ఒక గట్టి ఇరుసు, రెండు పక్కలా రెండు కమాన్ కట్టలు, అంటే వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు. కట్ట ముందు చివర బాడీకి బుష్ అనే రబ్బరు తొడుగుతో బిగించి ఉంటుంది. వెనక చివర షాకిల్ అనే ఊగే లింకుకి వేలాడుతుంది. బరువు పడి కమాన్ చదునవుతుంటే దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవు సర్దుకోవడానికే షాకిల్ ఊగుతుంది. కట్టని ఇరుసుకి పట్టి ఉంచేవి యూ బోల్టులు, అది ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు తల.

ఈ కమాన్ ఒక్క బరువే మోయదు. ఇరుసు ఎక్కడ ఉండాలో నిర్ణయించేదీ అదే, వేగం పెంచినప్పుడు, బ్రేకు వేసినప్పుడు వచ్చే మెలిని ఓర్చుకునేదీ అదే. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడి వల్ల కొంత షాకబ్జార్బర్ పని కూడా చేస్తుంది. ఇన్ని పనులు చేస్తోంది కాబట్టి దాన్ని ముట్టుకున్నామంటే ఒక్క ఎత్తే మారి ఊరుకోదు.

ఇప్పుడు మన దగ్గర తిరుగుతున్న అంబాసిడర్లలో చాలా వాటి వెనక భాగం ఫ్యాక్టరీ ఎత్తులో లేదు. ట్యాక్సీగా తిరిగిన బండ్లు. వెనక నలుగురు, ముందు ముగ్గురు, డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ మీద ఇంకొంత. కొంతకాలానికి కమాన్ కూర్చునిపోతుంది. యజమాని తీసుకెళ్లి వంపు కొట్టించి, పనిలో పనిగా అదనంగా ఒక పట్టీ వేయించుకుంటాడు. ఆ బరువులకి అది సబబే. ఇరవై ఏళ్ల తర్వాత అదే బండిని మీరు కొని ఒక్కరే నడుపుతుంటే వెనక భాగం గాల్లోకి లేచి కనిపిస్తుంది. మీరు "దించాలి" అంటున్నది చాలాసార్లు ఈ ఎత్తునే. కాబట్టి ముందు పట్టీలు లెక్కపెట్టండి. పార్ట్స్ పుస్తకంతో పోల్చండి. కొత్తగా వచ్చి చేరిన పట్టీ మిగతావాటికంటే మందంగానో, వెడల్పులో కాస్త తేడాగానో, క్లిప్పులో ఇమడకుండానో ఉంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. దాన్ని తీసేసి, మిగతా పట్టీల మధ్య తుప్పు గీకి కట్టని తిరిగి కూర్చండి. బండి అసలు ఎత్తుకి వస్తుంది. చాలామందికి అక్కడితో మనసు నిండిపోతుంది, ఇంకేమీ చెయ్యాల్సిన పని ఉండదు.

పట్టీలు తీస్తే దిగుతుంది కదా అని కొందరు ఫ్యాక్టరీ పట్టీల్లోంచి కూడా ఒకటో రెండో తీసేస్తారు. అప్పుడు కట్ట మెత్తబడుతుంది. దిగిన బండికి మెత్తటి కమాన్ అసలు పనికిరాదు. ఎందుకో లెక్క చూద్దాం.

బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు ఇరుసుకీ, పైన దెబ్బ ఆపడానికి పెట్టిన బంప్ రబ్బరుకీ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. ఉదాహరణకి 80 మిల్లీమీటర్లు అనుకోండి. మీరు 40 దించారు. ఖాళీ సగమైంది. గుంతలో పడ్డప్పుడు రబ్బరుకి కొట్టుకోకుండా కమాన్ తట్టుకోగల దెబ్బ కూడా సగమైందని అనుకుంటారు. కాదు, అది పావు వంతుకి పడిపోతుంది. కమాన్ దాచుకునే శక్తి అది నొక్కుకున్న దూరానికి వర్గంగా పెరుగుతుంది మరి. దూరం సగమైతే శక్తి నాలుగో వంతు. పాత తట్టుకునే శక్తి తిరిగి కావాలంటే కమాన్ నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. అంత గట్టి బండిలో కూర్చుని విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేసరికి నడుం పట్టేస్తుంది. అందుకే మన రోడ్ల మీద రోజూ తిరిగే అంబాసిడర్‌కి ఫ్యాక్టరీ ఎత్తు నుంచి 25, మహా అయితే 30 మిల్లీమీటర్లకి మించి దించకండి. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

సరే, దించేది ఎలా? నాకు నచ్చిన పద్ధతి బ్లాకు వేయడం, అంటే ఇరుసుకీ కట్టకీ మధ్య ఒక ఇనుప దిమ్మె పెట్టడం. లారీల దగ్గర పని చేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు వెంటనే అనుమానం వస్తుంది: బ్లాకు వేస్తే బండి లేస్తుంది కదా అని. లారీలో కట్ట ఇరుసు పైన ఉంటుంది, మధ్యలో ఇనుప ముక్క పెడితే బాడీ పైకి పోతుంది. ఇలాంటి కార్లలో కట్ట ఇరుసు కింద ఉంటుంది. అదే ముక్క కట్టని ఇంకా కిందికి నెడుతుంది, కట్టతోపాటు బాడీ దిగుతుంది. మొదలుపెట్టే ముందు కింద పడుకుని ఒకసారి కళ్లారా చూసుకోండి, ఏ బండైనా సరే.

బ్లాకు ఒక్క ముక్కలో ఉండాలి. లేత్ షాపులో స్టీలు దిమ్మెనుంచి చేయించండి. రెండు మూడు పలకలు పేర్చకూడదు, చెక్క అసలే వద్దు. కింద సెంటర్ బోల్టు తల దూరేంత గుంట, పైన ఇరుసు ప్యాడ్‌లోని రంధ్రంలో కూర్చునే పిన్ను, ఈ రెండూ సరిగ్గా ఒకే గీత మీద ఉండాలి. అర సెంటీమీటరు తేడా వస్తే ఇరుసు వంకరగా కూర్చుంటుంది, బండి పక్కకి లాగుతుంది. ఎంత సేపు వీల్ అలైన్‌మెంట్ చేయించినా ఆ లాగుడు పోదు, తప్పు ముందు చక్రాల్లో లేదు కాబట్టి.

పాత యూ బోల్టులు పొడవు చాలవు, కొత్తవి కావాలి. ఆటోనగర్‌లో కొలత ఇస్తే వంచి ఇస్తారు. మామూలు కడ్డీకి మరలు కోసి ఇచ్చేవి తీసుకోకండి. కమాన్ పని చేసే షాపులో గ్రేడ్ ఉన్న కడ్డీతో చేయించండి. వంపు ఇరుసు గొట్టానికి ఆనుకుని కూర్చోవాలి. నట్లు కూడా కొత్తవే.

ఇక నాకు బాధ కలిగించే సంగతి ఒకటి. గ్యాసు మంట పెట్టి కమాన్ కూర్చోబెట్టడం. పది నిమిషాల పని, ఖర్చు లేదు, బండి చక్కగా దిగుతుంది. కానీ ఆ పట్టీ సిలికాన్ కలిసిన స్ప్రింగ్ స్టీలు. దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ మితమైన వేడిలో ఉంచి పదును పెడితేనే దానికా గుణం వచ్చింది. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. అక్కడ అది ఇక మామూలు ఇనుము. ఇవాళ రెండంగుళాలు దిగిన బండి ఆరు నెలలకి మూడంగుళాలు దిగుతుంది, కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా. లేదంటే మెత్తబడిన చోటికీ గట్టిగా ఉన్న చోటికీ మధ్య పగులుతుంది. ఇరుసుని పట్టి ఉంచేదే అది కాబట్టి, మెయిన్ పట్టీ హైవే మీద విరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వంపు తగ్గించాలనే ఉంటే చల్లగా ఉండగానే, పట్టీ తర్వాత పట్టీ, చివర నుంచి చివరకి సమానంగా సెట్టింగ్ చేసే మేస్త్రీలు ఉన్నారు. ఎంతో నేర్పుతో చేసే పని అది. ఆ చేతులున్నవాళ్లు తగ్గిపోతున్నారు. దొరికితే అడిగినంత ఇవ్వండి.

కాయిల్ స్ప్రింగులున్న బండ్లలో చుట్టు కోసేయడం కూడా ఇలాంటిదే. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది సరే, చక్రం వేలాడినప్పుడు వదులై దాని చోటు నుంచి జారే ప్రమాదం ఉంది.

ఎత్తు మారిస్తే ఏమవుతుందో పెద్ద కంపెనీలు కూడా అనుభవం మీద నేర్చుకున్నాయి. ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు ఉంది, ఇంగ్లండులో అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజినూ, దాని 1798 సీసీ ఇంజినూ ఒకే బీ సిరీస్ కుటుంబం. దాని వెనక కూడా గట్టి ఇరుసూ కమాన్ కట్టలే. అమెరికాలో బంపర్ల నిబంధనలు వచ్చాయి. వాటికోసం 1974లో ఆ కారుకి నల్లటి పెద్ద రబ్బరు బంపర్లు పెట్టి, బండిని దాదాపు ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. మలుపుల్లో ఒరిగిపోవడం మొదలైంది. అందరూ మెచ్చుకున్న కారు నడకే మారిపోయింది. తర్వాత ఒరుగుడు తగ్గించే కడ్డీలు, యాంటీ రోల్ బార్లు చేర్చి కొంతవరకు సరిదిద్దారు. ఇప్పుడు ఆ రబ్బరు బంపర్ బండ్లున్నవాళ్లు వెనక బ్లాకులు వేసి పాత ఎత్తుకి దించుకుంటున్నారు. అది నాకు చాలా ఇష్టమైన దించుడు. దాన్ని గీసిన ఇంజినీర్లు అనుకున్న చోటికే బండిని తిరిగి తెస్తున్నారు.

వెనక కమాన్ లేని పాత కార్లూ ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో అడ్డంగా టార్షన్ బార్లు, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు ఉంటాయి. ఒక చివర 40 పళ్లు, ఇంకో చివర 44. లోపలి వైపు ఒక పన్ను తిప్పితే 9 డిగ్రీలు, బయటి వైపు ఒక పన్ను వెనక్కి తిప్పితే 8.18 డిగ్రీలు. రెండింటి తేడా ఒక డిగ్రీకంటే తక్కువ. అంత సన్నగా ఎత్తు సర్దుకునే వీలు 1930ల్లోనే ఆలోచించి పెట్టారు. ఆ పళ్ల లెక్క చూసిన ప్రతిసారీ నాకు దండం పెట్టాలనిపిస్తుంది. అయితే స్వింగ్ యాక్సిల్, అంటే రెండు పక్కలా విడివిడిగా ఊగే ఇరుసు ఉన్న బీటిల్‌ని దించితే చక్రాల పైభాగం లోపలికి వాలి, టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. మన గట్టి ఇరుసుకి ఆ బెడద లేదు.

మనకున్న బెడద వేరు, ఎవరూ పట్టించుకోనిది: హెడ్‌లైట్లు. అంబాసిడర్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2464 మిల్లీమీటర్లు. వెనక 50 దించి ముందు వదిలేస్తే బండి మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున ముక్కు ఎత్తుతుంది. 25 మీటర్ల దూరంలో మీ లైటు అర మీటరు పైకి పోయింది. ఎదురుగా బైకు మీద వచ్చేవాడి కళ్లలో పడుతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, ముందు చక్రాల క్యాస్టర్, అంటే చక్రం స్టీరింగ్‌తో తిరిగే గీత వెనక్కి వాలిన కోణం, పెరిగింది కాబట్టి. పాత అంబాసిడర్లలో ముందు టార్షన్ బార్లున్నాయి, వాటితో ముందు ఎత్తు సర్దుకోవచ్చు. వెనకతో పాటు ముందూ చూసుకోండి, తర్వాత గోడకి ఎదురుగా నిలబెట్టి లైట్లు సర్దండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకి వర్తిస్తాయి. మీ బండి ఆ వయసుకి దగ్గర పడుతుంటే కోయకండి, వెల్డింగ్ చేయకండి. బ్లాకు పద్ధతి నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం: విప్పేస్తే బండి మళ్లీ ఫ్యాక్టరీ బండే. తీసిన పట్టీలు, పాత యూ బోల్టులు పారేయకుండా బండి నంబరు రాసి దాచండి. మార్చేముందు మీ ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

ఇక పని చేసే రోజు. కొలత నేల నుంచి తీయకండి, టైరులో గాలి మారితే అది మారుతుంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి, రెండు వైపులా, పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండగా, బండిని కాస్త ముందుకీ వెనక్కీ తోసిన తర్వాత. బాడీ కింద స్టాండ్లు లేకుండా జాకీ మీద నమ్మకంతో ఎవరూ కిందికి వెళ్లొద్దు.

అన్నీ కూర్చాక షాకిల్ బుష్‌ల నట్లు గాల్లో ఉండగా బిగించకండి. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. బండి దించగానే మెలిపడి కొంత ఎత్తుని అదే మోస్తుంది, కొన్నాళ్లకి చిరిగిపోతుంది. వేలితో తిప్పేంత వదులుగా ఉంచి, బండిని చక్రాల మీద నిలబెట్టి, బరువు పడ్డాక బిగించండి. యూ బోల్టులూ అంతే: నాలుగు నట్లూ ఐమూలగా, కొంచెం కొంచెంగా, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో. షాకిల్ ఎంత వాలిందో చూడండి. బాగా పడుకుని ఉంటే ఇంక ఊగడానికి చోటు లేదని అర్థం.

సైలెన్సర్ పైపు ఇరుసు మీదుగా పోయే చోట ఖాళీ చూడండి. షాకబ్జార్బర్ పూర్తిగా నొక్కుకున్నప్పటి పొడవు కొలవండి. రబ్బరుకంటే ముందు అదే అడుగున కొట్టుకుంటుంటే పొట్టివి వెతకాలి.

చివరిగా, బంప్ రబ్బరు మీద బొటనవేలంత మందాన బంకమట్టి ముద్ద అతికించండి. వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, మీరు రోజూ వెళ్లే దారిలో వెళ్లి రండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన కాలనీల్లో వేసేవి సన్నగా, నిటారుగా ఉంటాయి. వాటి మీదుగానే వెళ్లండి. తిరిగొచ్చి మట్టి చూడండి. చెక్కుచెదరకపోతే చోటుంది. కాస్త నొక్కుకుంటే సరిపోయింది. పూర్తిగా పచ్చడై రబ్బరు కనబడుతుంటే బ్లాకు తీసి సన్నది వేయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి, ఇది మర్చిపోవద్దు.

బయట బల్ల మీద రెండు కట్టలు విప్పి పెట్టాను, ఒకటి మంచిది, ఒకటి మంట పెట్టింది. పక్కపక్కన చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం. నమస్కారం.