బుక్‌స్టాక్ రివ్యూ: ఆఫీసులో ‘కేటీ’ తలనొప్పి తగ్గుతుందా?

అందరికీ నమస్కారమండీ. బెంగళూరులో ఏ ఐటీ ఆఫీసులో చూసినా ఇదే తంతు. సీనియర్ రిజైన్ చేస్తాడు. నోటీస్ పీరియడ్ చివర్లో హడావిడిగా కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తనకు తెలిసిన పని మిగతావాళ్లకు అప్పజెప్పడం) సెషన్లు. ఆ రికార్డింగులు డ్రైవ్‌లో ఏదో ఫోల్డర్‌లో పడుంటాయి. సర్వర్ పడిపోతే ముందు ఏం చెయ్యాలన్న ముక్క ఆ గంటన్నర వీడియోలో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. పడిపోయేది మాత్రం శనివారం రాత్రే!

ఈరోజు మనం చూసేది బుక్‌స్టాక్. ఆఫీసు లోపల వాడుకునే వికీ, అంటే అందరూ కలిసి రాసుకుని, దిద్దుకునే పేజీల సైటు. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉచితం, తలకింత అని కట్టక్కర్లేదు. కాకపోతే సర్వర్ మనమే చూసుకోవాలి.

ఇందులో షెల్ఫ్, బుక్, చాప్టర్, పేజీ, అంతే. ఇంకా లోపలికి ఫోల్డర్లు పెట్టుకుంటానంటే కుదరదు. చాలామందికి ఇది నచ్చదు, నాకు మాత్రం ఇదే నచ్చింది. అకౌంట్స్ వాళ్లు, హెచ్ఆర్ వాళ్లు కూడా ఎవరినీ అడక్కుండా వాడేసుకోవచ్చు. ఇద్దరు ఒకే పేజీలో ఒకేసారి టైప్ చేసే సౌకర్యం లేదు. వేరేవాళ్లు ఎడిట్ చేస్తున్నారని హెచ్చరించి ఊరుకుంటుంది. మీటింగ్ నోట్స్‌కి ఇది పనికిరాదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

అసలు విషయానికొద్దాం. ప్రతి పేజీకీ ఒక ఓనర్ ఉంటారు. ఎవరైనా మానేశాక వాళ్ల అకౌంట్ తీసేస్తుంటే, వాళ్ల పేజీలను ఎవరి పేరుకు మార్చాలో అక్కడే ఎంచుకోవచ్చు. సెర్చ్‌లో ‘అప్‌డేటెడ్ బిఫోర్’ ఫిల్టర్‌కి ఒక తేదీ ఇస్తే, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని పేజీలన్నీ బయటపడతాయి. పేజీ లేకపోతే కొత్తగా చేరిన కుర్రాడు ఎవరినో ఒకరిని అడుగుతాడు. పాత పేజీ ఉంటే దాన్నే నమ్మి చేసేస్తాడు, అదీ ప్రమాదం.

రాసినవాళ్లకు పాయింట్లిచ్చే ఏర్పాటు ఇందులో లేదు, లేకపోవడమే మేలు. మన ఎలక్ట్రానిక్ సిటీ ఇన్ఫోసిస్‌లో కేషాప్ అని ఒక పోర్టల్ ఉండేది. అందులో రాసినవాళ్లకు ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ ఇచ్చేవారు, వాటితో బహుమతులు తీసుకోవచ్చు. ఇంకేముంది, వ్యాసాలు వరదలా వచ్చిపడ్డాయి. అందులోంచి పనికొచ్చేది వెతుక్కోవడమే పెద్ద పనైంది. తర్వాత ఆ లెక్క మార్చి, చదివినవాళ్లకు ఎంత ఉపయోగపడిందన్నదానికి ప్రాధాన్యం పెంచారు. ఈ కథంతా 2005లో ఎంఐఎస్ క్వార్టర్లీ పత్రికలో పరిశోధనా వ్యాసంగా వచ్చింది. ఆఫీసులో వికీ పెట్టాలనుకునే మేనేజర్లు ముందు అది చదవాలి. (చదవరనుకోండి!)

నా తీర్పు: చిన్న ఆఫీసుకి, లైనక్స్ తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటే కళ్లు మూసుకుని పెట్టేయండి. ఉబుంటుకి (అదొక రకం లైనక్స్) ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ వాళ్లే ఇస్తున్నారు. బ్యాకప్ మాత్రం డేటాబేస్‌తో పాటు అప్‌లోడ్ చేసిన ఫైళ్లకూ తీయాలి. డేటాబేస్ ఒక్కటే తీసి ఫైళ్లు వదిలేస్తే, రీస్టోర్ చేశాక పేజీల్లో బొమ్మలుండవు. అంత చూసుకునేవాళ్లు లేకపోతే డబ్బులు కట్టి కాన్‌ఫ్లుయెన్స్ క్లౌడ్ తీసుకోండి, అదీ ఇలాంటి వికీయే, సర్వర్ వాళ్లే చూసుకుంటారు.