సిగ్నల్ దగ్గర గీత దాటారా? ముందు ఫొటో చూడండి

[దృశ్యం: సాయంత్రం, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. ముందు సిటీ బస్సు, దాని వెనకే ఒక బైక్]

నమస్తే అండీ. పోయిన నెల ఒక సాయంత్రం చిక్కడపల్లి వైపు నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వస్తున్నాను. నా ముందు సిటీ బస్సు. అది కదిలితే నేనూ కదిలాను. బస్సు వెనక భాగం తప్ప నాకేమీ కనపడటం లేదు, సిగ్నల్ అసలే కనపడలేదు. బస్సు ముందుకెళ్ళాక తలెత్తి చూస్తే రెడ్! గట్టిగా బ్రేక్ వేశాను. బండి ఆగింది, కానీ తెల్లగీత దాటాక ఆగింది. ఎదురుగా స్తంభం మీద కెమెరా.

ఇక నాలుగు రోజులు ఫోన్‌లో మెసేజ్ చప్పుడైతే చాలు, గుండె ఝల్లుమనేది. ఫైన్ వెయ్యా, ఐదు వేలా? లైసెన్స్ పోతుందా? కోర్టుకి వెళ్ళాలా? ఇంట్లో కూడా చెప్పలేదు. ఇదే టెన్షన్‌లో ఉన్నవాళ్ళ కోసమే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: స్టాప్ లైన్ దాటడం వేరు, సిగ్నల్ జంప్ వేరు]

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. రెడ్ పడ్డాక గీత దాటి జీబ్రా క్రాసింగ్ మీద ఆగిపోతే అది స్టాప్ లైన్ ఉల్లంఘన. దీనికి మామూలుగా మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 177 వర్తిస్తుంది. మొదటిసారి అయితే చట్టం ప్రకారం గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. రెడ్ ఉండగానే కూడలి దాటి వెళ్ళిపోతే అది సిగ్నల్ జంప్. తెలంగాణలో దీనికి చలానా 1000 రూపాయలు, పైన 35 రూపాయల యూజర్ ఛార్జీ.

ఇప్పుడు భయపెట్టే మాట. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో రెడ్ లైట్ దాటడాన్ని సెక్షన్ 184లో, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటి తప్పుకి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1000 నుంచి 5000 దాకా జరిమానా, లేదా రెండూ అని అందులో ఉంది. అది చదివితే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. నాకూ పడింది. కానీ అక్కడున్న 'లేదా' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎవరికీ దెబ్బ తగలకుండా కెమెరాకి చిక్కిన మామూలు కేసు ఎక్కువగా చలానాతోనే ముగుస్తుంది. స్టాప్ లైన్ లాంటి సెక్షన్ 177 తప్పులకైతే, కోర్టుకి వెళ్ళకుండా డబ్బు కట్టి ముగించుకునే వీలు సెక్షన్ 200లో ఉంది. కాంపౌండింగ్ అంటారు దీన్ని. అలా డబ్బు కట్టేశాక అదే తప్పు మీద మళ్ళీ చర్య ఉండదు.

అలాగని లైసెన్స్ భయం వట్టిది కాదు. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే, రెడ్ లైట్ దాటినవాళ్ళ లైసెన్స్‌ని కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని రాష్ట్రాలకి చెప్పింది. ఒక్కసారి గీత దాటి ఆగినందుకు నిద్ర మానుకోనక్కర్లేదు. రోజూ రెడ్‌లో దూసుకుపోయే అలవాటు ఉంటే మాత్రం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ దూకుడులో ఎవరినైనా గుద్దితే చలానాతో పోయే వ్యవహారం కాదు. భారతీయ న్యాయ సంహిత కింద క్రిమినల్ కేసు అవుతుంది.

[దృశ్యం: ఫోన్ స్క్రీన్, వాట్సాప్ మెసేజ్, దాని కింద ఒక ఫైల్]

ఈ టెన్షన్‌లో ఉన్నప్పుడే మనం మోసపోతాం. "మీ వాహనంపై చలానా ఉంది, వివరాలకు ఈ ఫైల్ తెరవండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ వస్తుంది. నాకు మూడో రోజు వచ్చింది. నా వేలు దాని మీదే ఉంది, నిజం చెప్తున్నాను. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కి వచ్చే ఓటీపీలు అవతలివాళ్ళ చేతికి పోతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. చలానా చూడటానికి ఏ ఫైలూ దించుకోనక్కర్లేదు. పోలీసుల ఈ-చలాన్ సైట్‌కి మీరే వెళ్ళి బండి నంబరు కొట్టండి. అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. పొరపాటున నొక్కి డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

సైట్‌లో తేదీ, సమయం, చోటు, తప్పు పేరు, కట్టాల్సిన డబ్బు ఎంతో ఉంటాయి. పక్కనే ఫొటో. డబ్బు కట్టేముందు ఆ ఫొటో తెరవండి. బండి మీదేనా? నంబరు ప్లేటు సరిగ్గా చదివారా? ఏడాది కిందట అమ్మేసిన బండి ఇంకా మీ పేరు మీదే ఉందా? (ఈ కష్టం మా బాబాయి పడ్డారు. కొన్నాయన పేరు మార్చుకోలేదు, చలానాలన్నీ బాబాయి ఫోన్‌కే.) అంబులెన్స్‌కి దారి ఇవ్వడానికి ముందుకి జరిగితే ఆ సంగతి రాసి అభ్యంతరం చెప్పండి, తేదీ, సమయం, చలానా నంబరుతో సహా. అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే జరిమానా 10,000 రూపాయలు. కాబట్టి చలానాకి జడిసి దారి ఆపకండి.

డిస్కౌంట్ కోసం ఆగుదామా అని అడుగుతారు. 2022 మార్చిలో, మళ్ళీ 2023 డిసెంబరు చివర్లో తెలంగాణలో పెద్ద రాయితీలు ఇచ్చారు. రెండోసారి టూవీలర్లకి 80 శాతం తగ్గించారు. కానీ వాటి మీద ఆశతో చలానాలు పోగేసుకోవడం నాకు నచ్చదు. పోలీసులు బండి ఆపిన రోజున మొత్తం కట్టాల్సింది మనమే.

[దృశ్యం: చలానా ఫొటో. ముఖాలు, నంబరు మసకగా]

నాలుగో రోజు నా చలానా వచ్చింది. స్టాప్ లైనే. హమ్మయ్య అనుకుంటూ ఫొటో తెరిచాను. నా ముందు చక్రం మొత్తం జీబ్రా మీద ఉంది. ఆ చక్రం పక్కన ఒక పెద్దావిడ, చేతిలో కూరగాయల సంచి. నా బండిని తప్పించుకుని వెళ్ళడానికి జీబ్రా దిగి, బళ్ళు తిరిగే వైపు అడుగు వేసి ఉన్నారు. ఆవిడ అక్కడ ఉన్నారని ఆ సాయంత్రం నేను చూడనే లేదు. ఈ నాలుగు రోజుల్లో డబ్బు గురించి ఆలోచించాను, లైసెన్స్ గురించి ఆలోచించాను, ఆవిడ గురించి మాత్రం కాదు. ఆ ఫొటోని చాలాసేపు చూశాను. అప్పటికప్పుడు కట్టేశాను.

[దృశ్యం: మళ్ళీ అదే రోడ్డు. బస్సుకీ బైక్‌కీ మధ్య ఖాళీ]

గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. బస్సుకి అతుక్కుని వెళ్తే రెడ్ కనపడేసరికి ఆ మీటర్లు అయిపోయి ఉంటాయి. ఇప్పుడు నేను బస్సు వెనక ఉంటే సిగ్నల్ స్తంభం కనపడేంత ఖాళీ వదులుతున్నాను. వెనకవాళ్ళు హారన్ కొడతారు. కొట్టనివ్వండి.