టర్బో వ్యాన్‌లో మాయమవుతున్న కూలెంట్: ప్రెజర్ టెస్టర్, నీలి ద్రవం, ఒక అగరుబత్తి

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మీకు మూడు వస్తువులు కనిపిస్తున్నాయి. ఒకటి చేతిపంపు, గేజ్ ఉన్న రేడియేటర్ ప్రెజర్ టెస్టర్. రెండోది గొట్టంలో నీలి ద్రవం పోసి హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పలుచని బిరడాను, పరీక్షించే కిట్టు. మూడోది మా ఇంటి పూజ గదిలోంచి తెచ్చిన అగరుబత్తి కట్ట. వెనక నిలబడి ఉన్నది మా 12 సీట్ల టర్బో డీజిల్ వ్యాన్.

గత వేసవిలో తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఈ వ్యాన్ టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతను తాకబోయింది. పక్కకు ఆపి, ఇంజన్ చల్లారాక చూస్తే కూలెంట్ డబ్బాలో సుమారు లీటరు తగ్గింది గాని, బండి కింద నేల మాత్రం పొడిగానే ఉంది. ఒక గ్యారేజీలో చూపిస్తే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే హెడ్ గ్యాస్కెట్ పోయిందని, హెడ్ దించాల్సిందేనని తేల్చేశారు. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి కొన్నవే ఈ రెండు కిట్లు.

పరీక్షలన్నీ తెల్లవారి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. అదీగాక, చల్లగా ఉన్నప్పుడు కారే క్లిప్పులు, గ్యాస్కెట్లు కొన్ని వేడెక్కి వ్యాకోచించగానే మూసుకుపోయి, ఏమీ తెలియనట్టు ఉండిపోతాయి.

ముందుగా ప్రెజర్ టెస్టర్. మూత తీసి, దాని స్థానంలో అడాప్టర్ బిగించి, మూత మీద ముద్రించి ఉన్న పీడనం వరకే పంపు కొట్టాలి. మా మూత మీద 1.1 అని ఉంది, అంటే 1.1 బార్. ఇంకా ఎక్కువ కొడితే బాగున్న రేడియేటర్‌ను కూడా మనమే పగలగొట్టినవాళ్లమవుతాం. పది నిమిషాల్లో ముల్లు 1.1 నుంచి 0.8కి దిగింది. ఇంజన్ ఆగి ఉంది, ఫ్యాన్ చప్పుడు లేదు, కాబట్టి టార్చి, చిన్న అద్దం పట్టుకుని తీరిగ్గా వెతకవచ్చు. మన గ్యారేజీల్లో వాటర్ బాడీ అని పిలిచే వాటర్ పంపు కింది రంధ్రం పొడిగా ఉంది. రేడియేటర్ అతుకులూ పొడిగానే ఉన్నాయి. చివరికి, సిలిండర్ల నుంచి వేడి పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు పైన పోయే సన్నని కూలెంట్ హోస్ పైపు క్లిప్పు దగ్గర గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది. చూస్తుండగానే దాని అంచున ఒక చుక్క ఊరి, కింద మానిఫోల్డ్ మీద పడింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ చుక్క నేల చేరకుండానే ఆవిరైపోతుంది, అందుకే కింద మరక పడలేదు. క్యాబిన్‌లోకి వచ్చిన తియ్యటి వాసన కూడా ఇదే. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉన్నా విషం కాబట్టి, పరీక్ష చేసిన చోట నేలను కడిగేయండి, వీధి కుక్కలు నాకే ప్రమాదముంది.

మిగతా పైపులు మెత్తగా ఉంటే ఈ ఒక్క పైపే ఎందుకు అప్పడంలా పెళుసుబారింది? ఇక్కడే అగరుబత్తి పని మొదలవుతుంది. డీజిల్ ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఆరుబయట, ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల్లోనే అగరుబత్తిని మానిఫోల్డ్ అతుకు వెంట నెమ్మదిగా జరపాలి. ఫ్యాన్ గాలి తగిలితే పొగ అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నాలుగో సిలిండర్ దగ్గర పొగ ఎలా లయగా ఎగిరిపడుతోందో గమనించండి. ఇంజన్ నుంచి వినిపిస్తున్న టిక్ టిక్ శబ్దం కూడా అదే లయలో ఉంది. చాలామంది దీన్ని ట్యాపెట్ (వాల్వులను కదిలించే భాగం) శబ్దం అనుకుని సర్దుకుపోతారు. గ్యాస్కెట్ అంచున విసనకర్రలా పరుచుకున్న నల్లటి మసి చూశాక నాకు సందేహం మిగల్లేదు.

పోతఇనుము మానిఫోల్డ్ 45 సెంటీమీటర్లు ఉంటే, 500 డిగ్రీలు వేడెక్కినప్పుడు రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. హెడ్ మాత్రం కూలెంట్ వల్ల దాదాపు 90 డిగ్రీల దగ్గరే ఉండి అంతగా సాగదు, కాబట్టి ఆ లాగుడంతా మానిఫోల్డ్‌ను హెడ్‌కు బిగించే స్టడ్లలో (తల లేని బోల్టులు) చివరివాటి మీద పడుతుంది. మాది కూడా చివరి స్టడ్డే తెగింది. ఆ సందులోంచి వచ్చిన వేడి పొగ పైపును కాల్చింది. పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోకు అవసరమైన పీడనం కూడా అక్కడే పోయింది. పికప్ తగ్గేసరికి నేను ఘాట్‌లో యాక్సిలరేటర్ మరింత తొక్కాను. గాలి చాలక నల్ల పొగ, ఎగ్జాస్ట్ వేడి రెండూ పెరిగాయి, తగ్గిన కూలెంట్ మీద ఆ భారం పడింది.

నీలి ద్రవం గురించి నాది సగం ప్రశంసే. హెడ్ గ్యాస్కెట్ పోతే సిలిండర్లలోని పొగ కూలెంట్‌లోకి చేరుతుంది; అలా రేడియేటర్ మూతి దగ్గరి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఈ ద్రవం పసుపుగా మారుతుంది. పెట్రోల్ ఇంజన్‌కు ఇది బాగా పనికొస్తుంది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు) అవసరానికి మించి గాలి పీలుస్తుంది కాబట్టి దాని పొగలో ఆ వాయువు పలచగా ఉంటుంది. మా వ్యాన్‌లో ద్రవం నీలంగానే ఉన్నా, దాన్ని ఒక్కదాన్నే నమ్మి హెడ్ బాగుందని నేను చెప్పను. పైపు మార్చాక ప్రెజర్ టెస్టర్ ముల్లు పావుగంట కదలకుండా నిలబడినప్పుడే నమ్మాను. ముల్లు అప్పుడూ దిగుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే, హెడ్‌తో పాటు ఈజీఆర్ కూలర్‌ను, అంటే తిరిగి ఇంజన్‌లోకి పంపే కొంత పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగాన్ని, కూడా అనుమానించాలి. అక్కడ కూలెంట్‌కూ పొగకూ మధ్య పలుచని లోహపు గోడ ఒక్కటే ఉంటుంది.

ప్రెజర్ టెస్టర్ కిట్టులో నాకు నచ్చనిది దాని కనెక్టర్. కొత్తలో కనెక్టర్ దగ్గరే గాలి కారి, లేని లీకు చూపించింది. లోపలి రబ్బరు రింగు మార్చాక కుదురుకుంది. అయినా హెడ్ దించే కూలితో పోలిస్తే దాని ధర చాలా తక్కువ, వ్యాన్ నడిపేవాళ్లు కొనదగ్గ వస్తువే. నీలి ద్రవం కిట్టును పెట్రోల్ బండి ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.

మానిఫోల్డ్ అతుకు ముఖాన్ని లేత్ షాపులో చదును (ఫేసింగ్) చేయించి, స్టడ్లన్నీ మార్చి, కొత్త గ్యాస్కెట్‌తో మధ్య నుంచి చివరలకు బిగించాం. విరిగిన స్టడ్ ముక్కను హెడ్‌లోంచి తీయడానికే దాదాపు ఒక పూట పట్టింది. మీ బండిలో టిక్ టిక్ శబ్దం ఇప్పుడే మొదలైతే, స్టడ్ తెగకముందే చూపించుకోండి.