దొర వేషం వేసినాయన పేరు

సభకు నమస్కారం. అధ్యక్షులవారినీ, వేదిక మీద పెద్దల్నీ పేరుపేరునా పలకరించాలి. కానీ సినిమా మూడు గంటల పైచిలుకు, మీలో చాలామంది ఆఖరి బస్సు అందుకోవాలి. అంచేత పెద్దలంతా నా నమస్కారాన్ని టోకున పుచ్చుకోవాలని మనవి.

నన్ను మాట్లాడమన్నది పది నిమిషాలు. "మాస్టారూ, ట్రిపులార్ వేస్తున్నాం. అందులో విలన్ వేసిన తెల్లాయన పోయిన రోజు కూడాను. రెండు ముక్కలు చెప్పండి" అన్నారు. సరే అన్నాను. పొద్దున వాట్సాప్‌లో కరపత్రం వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాను. నా పేరుంది. అధ్యక్షులవారి పేరుంది. మైకు సెట్టు ఇచ్చినాయన పేరు కూడా ఉంది. ఇంతకీ నివాళి ఎవరికయ్యా అంటే, "ట్రిపులార్ విలన్‌కు." అంతే. ఎవరి ఫోటోకి దండ వేస్తున్నామో ఆయన పేరు లేదు.

నేనెవర్నీ తప్పుపట్టడం లేదు. సరే, కొంచెం పడుతున్నాను.

ఆయన పేరు రే స్టీవెన్సన్. 1964 మే 25న ఉత్తర ఐర్లండ్‌లో లిస్బర్న్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్. పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైపు వచ్చేసింది. పెద్దయ్యాక ఇంటీరియర్ డిజైన్ నేర్చుకుని లండన్‌లో ఆర్కిటెక్టుల దగ్గర ఉద్యోగంలో చేరాడు. నెలనెలా జీతం, పక్కా బతుకు. ఒకరోజు జాన్ మాల్కోవిచ్ అనే అమెరికా నటుడు వేసిన నాటకం చూశాడు. ఇక ఉద్యోగం మీద మనసు నిలవలేదు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరి, 29 ఏళ్లకి కోర్సు పూర్తి చేసి బయటికొచ్చాడు. 29 అంటే మన దగ్గర పిల్లాడి ఎల్‌కేజీ సీటు కోసం తిరిగే వయసు. ఆ వెనక వరసలో కూర్చున్న కుర్రాళ్లూ, "మాకు ఇక టైమ్ అయిపోయింది సార్" అని నా దగ్గర నిట్టూర్చేవాళ్లూ, మీకే చెబుతున్నా.

యార్క్ అని ఇంగ్లండ్‌లో పాత నగరం ఉంది. అక్కడ బైబిల్ కథల్ని నాటకాలుగా ఆడటం మధ్యయుగాల నుంచి ఉన్న ఆచారం. మనకు వీధి భాగవతాల్లాగా అనుకోండి. 2000లో వాటిని అక్కడి పెద్ద చర్చిలో, యార్క్ మిన్‌స్టర్‌లో ఆడారు. అందులో క్రీస్తు ఎవరనుకున్నారు? ఈయనే. మళ్లీ చెబుతున్నాను. ట్రిపులార్‌లో మనమంతా పళ్లు నూరిన స్కాట్ దొర, ఒకప్పుడు సిలువ మోసిన వేషగాడు.

మొదట పేరొచ్చింది 2005లో, 'రోమ్' అనే సీరియల్‌తో. అప్పటికి నలభై దాటాయి. అందులో టైటస్ పుల్లో అనే మామూలు సిపాయి వేషం. తాగుతాడు, తన్నుకుంటాడు, పసిపిల్లాడిలా ఏడుస్తాడు. ఇక్కడో ముచ్చట. ఈ పుల్లో కల్పన కాదు. జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల పుస్తకంలో పుల్లో, వొరేనస్ అని తన దండులోని ఇద్దరు సైనికుల పేర్లు రాశాడు. నువ్వు గొప్పా నేను గొప్పా అని ఎప్పుడూ పోటీపడేవాళ్లట. ఒక ముట్టడిలో ఇద్దరూ ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నారట. ఎంతో సైన్యం ఉన్న సీజర్, రెండువేల ఏళ్ల కిందట ఇద్దరు సైనికుల పేర్లు గుర్తుపెట్టుకుని రాశాడు. మన కరపత్రం రాసిన బాబు ఇక్కడే ఉన్నాడా? ఉన్నాడు. కూర్చో నాయనా, లేవకు.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. 2008లో 'పనిషర్: వార్ జోన్'లో హీరో. 'థోర్'లో తిండిపోతు యోధుడు వోల్‌స్టాగ్. 'డెక్స్‌టర్'లో ముఠా నాయకుడు. 'బ్లాక్ సెయిల్స్'లో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్. హీరో వేషాలు తక్కువే. ఆరడుగులు దాటిన మనిషి కదా, కత్తో గొడ్డలో చేతికిచ్చి నిలబెట్టేవాళ్లు. క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకు ఎక్కడైనా అంతే. మొహం అందరికీ గుర్తుంటుంది, పేరు మాత్రం నాలుక చివర ఆగిపోతుంది.

ఇప్పుడు మన జగ్గయ్యగారి దగ్గరికి రావాలి. రాకుండా ఎలా? తెనాలిలో నిలబడి మాట్లాడుతున్నాను. ఇక్కడికి దగ్గర్లోని మోరంపూడిలో పుట్టిన మనిషి. ఢిల్లీలో ఆకాశవాణి తెలుగు వార్తలు చదివిన గొంతు. రవీంద్రుణ్ణి తెలుగు చేసిన కలం. 1967లో ఒంగోలు నుంచి పార్లమెంటుకి గెలిచాడు. అంత చరిత్ర ఉన్నాయన 1974లో కృష్ణగారు సీతారామరాజు సినిమా తీస్తే రూథర్‌ఫర్డ్ దొర వేషం వేశాడు. అంతకుముందు సినిమాల్లో, నాటకాల్లో దొర అంటే "టుమ్ నల్ల కుక్క" అని అరిచే బఫూన్. జగ్గయ్య దొర అలా కాదు. నిదానంగా మాట్లాడతాడు, ఎదుటివాణ్ణి గౌరవిస్తాడు, గౌరవిస్తూనే చంపిస్తాడు. ఆ దొర అంత నిండుగా ఉండబట్టే ఎదురుగా నిలబడ్డ రాజు అంత ఎత్తున కనబడ్డాడు.

ఆ సినిమా చూసే నాకు దొర పిచ్చి పట్టింది. అధ్యక్షులవారు నవ్వుతున్నారు, ఆయనకి తెలుసు ఈ కథ. అయినా చెబుతాను.

ఒక పరిషత్తులో సీతారామరాజు నాటకం. దొర నేను. నా రంగు చూస్తున్నారుగా! జింకు పౌడరులో కాస్త కుంకుమ కలిపి మొహానికీ మెడకీ దట్టించారు. జనపనార విగ్గు. అరువు టోపీ. బెత్తం ఆడిస్తూ రంగం మీదికి వచ్చాను. ముందు వరసలోంచి ఒక బుడ్డోడు గట్టిగా, "ఒరేయ్, దొర చేతులు మనోడివేరా!" అన్నాడు. ప్రేక్షకులు గొల్లున నవ్వారు. చేతులకి పౌడరు రాయడం మర్చిపోయాం. ఆ రాత్రంతా చేతులు వెనక్కి కట్టుకునే నటించాను. చిత్రం ఏమిటంటే, దొరతనం దానివల్లే వచ్చిందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

అసలు సంగతి అది కాదు. విచారణ సీనులో రాజు వేషం కుర్రాడికి డైలాగు పోయింది. ఒకటిన్నర పేజీ డైలాగు, మొదటి మాటే రావడం లేదు. ప్రాంప్టింగు చెప్పేవాడు కరెంటు సంగతి చూడ్డానికి వెళ్లాడు. నేను వాడి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఓహో! అడవి మీదైతే పన్ను మాదెలా అయిందని అడుగుతావా రాజూ?" అన్నాను. వాడు అందుకున్నాడు. "అడుగుతాను దొరా!" అని మొదలెట్టి ఆగలేదు. చప్పట్లతో టెంటు ఊగింది. ఉత్తమ నటుడు వాడే. షీల్డు ఇచ్చారు. నాకు సర్టిఫికెట్టు. ఇదిగో, ఈ సంచీలో ఉంది, తెచ్చాను. "దొర పాత్రధారి శ్రీ" అని అచ్చయి ఉంది. ఆ పక్కన చుక్కలు. పేరు నింపడం మర్చిపోయారు. నేను కూడా నింపుకోలేదు.

చీటీ వచ్చింది. రెండు నిమిషాలట. పది ఎప్పుడో దాటిపోయినట్టుంది, క్షమించాలి.

ట్రిపులార్ మొదట్లో తూటా సీను మీకందరికీ గుర్తుంది. బిడ్డని ఎత్తుకుపోతుంటే తల్లి కారు వెంట పడి పరిగెత్తుతుంది, సిపాయి తుపాకీ ఎత్తుతాడు, స్కాట్ దొర ఆపుతాడు. ప్రాణం కాపాడుతున్నాడేమో అనుకుంటాం. ఆపింది తూటా దండగని! ఇంగ్లండ్ నుంచి ఇంత దూరం వచ్చిన తూటా ఖరీదెంతో సిపాయికి పాఠం చెబుతాడు. సిపాయి దుంగ తీసుకుంటాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు రే స్టీవెన్సన్ ఎక్కడా కోపం చూపించడు. కొట్టు మూసేముందు షావుకారు గుమాస్తాకి పద్దు అప్పజెప్పినట్టు ఉంటుంది. మనిషి మీద పగ ఉన్నవాణ్ణి అర్థం చేసుకోవచ్చు. ఇతనికి పగ కూడా లేదు, లెక్క ఉంది. సినిమా చివరి దాకా మన కడుపు మండేది అందుకే.

ఆ సినిమాలో ఒక కష్టమైన ఫైటింగ్ సీను తీసేనాటికి ఆయనకు 56 ఏళ్లని, ఏమాత్రం వెనకాడలేదని చిత్ర బృందమే రాసింది. ఆ మాట రాసింది ఆయన పోయిన కబురు తెలిశాక. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. మే 21న ఇటలీలో ఇస్కియా అనే దీవిలో మరో సినిమా షూటింగ్‌కని వెళ్లిన మనిషి అక్కడే కన్నుమూశాడు. ఇంకో నాలుగు రోజుల్లో 59 నిండేవి. ఆగస్టులో ఆయన నటించిన 'అసోకా' సీరియల్ వచ్చింది. మన అశోకుడు కాదు, స్టార్ వార్స్ కథ. మొదటి భాగం చివర తెర మీద "మా మిత్రుడు రే కోసం" అని ఒక్క ముక్క వేశారు. విలన్ అని వేయలేదు.

అయిపోయింది, దిగిపోతున్నాను. ఒక్క కోరిక. తూటా సీను వచ్చినప్పుడు ఆయన మొహం చూడకండి, అది అందరూ చూశారు. చేతులు చూడండి. చేతులు మర్చిపోయిన దొరని కాబట్టి చెబుతున్నాను. బాబూ, లైట్లు ఆపు. ఆపేముందు ఆ ఫోటో కింద పేరు రాయి. రే... ఆ, రకారానికి ఏత్వం. స్టీ, దీర్ఘం. వెన్సన్.