50.4 అంటే ఎంత? వేర్వేరు కాలాల బాస్కెట్‌బాల్ మేటులను పోల్చే లెక్క

అందరికీ నమస్కారం.

1961-62 సీజన్‌లో విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు చేశాడు. 1986-87లో మైకేల్ జోర్డాన్ సగటు 37.1. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి చాంబర్లినే గొప్ప అనేవాళ్ళున్నారు. ఆ రోజుల్లో ఎదురు నిలిచేవాళ్ళెవరని 50.4ని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ తొందరపాటే. ఆటగాణ్ణి ముందు తన కాలపు సాటివాళ్ళ మధ్య నిలబెట్టి, వాళ్ళకంటే ఎంత ఎత్తున ఉన్నాడో కొలవాలి. పోల్చాల్సింది ఆ ఎత్తులనే. బ్రాడ్‌మన్ 99.94ని మనం తలుచుకునేది కూడా ఇలాగే కదా. ఆయన కాలంలో మిగతా మేటి బ్యాటర్లు యాభై, అరవై దగ్గర ఉంటే ఆయనొక్కడే వంద అంచుకు వెళ్ళాడు.

లెక్క ఆట వేగంతో మొదలుపెడదాం. 1961-62లో ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున 118.8 పాయింట్లు చేసేది, 107కి పైగా షాట్లు (పడినా పడకపోయినా బుట్టవైపు విసిరినవన్నీ) వేసేది. 1986-87కి వచ్చేసరికి పాయింట్లు 109.9, షాట్లు 89కి దగ్గర. బంతి ఎక్కువసార్లు చేతులు మారితే అందరి అంకెలూ ఉబ్బుతాయి. అందుకని 50.4ని 118.8తో భాగించి 109.9తో గుణించండి. 46.6 వస్తుంది.

తరవాత నిమిషాలు. మ్యాచ్ 48 నిమిషాలే అయినా చాంబర్లిన్ సగటు 48.5, ఎందుకంటే ఓవర్‌టైమ్‌లు (స్కోరు సమమైతే పొడిగించే సమయం) కూడా ఆడాడు. ఆ సీజన్‌లో తన జట్టు ఆడిన 3,890 నిమిషాల్లో 3,882 ఆయన కోర్టులోనే ఉన్నాడు. జోర్డాన్ ఆడింది మ్యాచ్‌కి 40. ఆ 46.6ని 40 నిమిషాలకు కుదిస్తే 38.4. జోర్డాన్ 37.1కీ దానికీ తేడా ఒక్క బుట్ట కూడా లేదు.

చాలామంది ఇక్కడ ఆగిపోయి ఇద్దరూ సమానమని తేల్చేస్తారు. అది పొరపాటు. సీజన్ పొడవునా కోర్టు దిగకుండా ఆడటం కూడా శక్తే, దాన్ని లెక్కలోంచి తుడిచేయడం న్యాయం కాదు. అందుకే రెండంకెలూ ఉంచుకోవాలి. జట్టు బరువు ఎంత మోశాడన్న ప్రశ్నకు 46.6, ఎంత చురుగ్గా పాయింట్లు తెచ్చాడన్న ప్రశ్నకు 38.4.

ఇక గురి. షాట్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్లు) కలిపి కొలిచే ట్రూ షూటింగ్ లెక్క ఇది: షాట్ల సంఖ్యకు, ఫ్రీ త్రోలలో 0.44 వంతు కలపండి, దాన్ని రెట్టింపు చేయండి, పాయింట్లను దానితో భాగించండి. సగం అనకుండా 0.44 అనడం ఎందుకంటే, బుట్ట పడ్డాక అదనంగా వచ్చే ఫ్రీ త్రో కొత్త అవకాశమేమీ ఖర్చు చేయదు. చాంబర్లిన్‌వి మ్యాచ్‌కి 39.5 షాట్లు, 17 ఫ్రీ త్రోలు. లెక్కిస్తే 53.6 శాతం. జోర్డాన్‌ది 56.2. చూడగానే జోర్డాన్ మెరుగనిపిస్తాడు. కానీ 1961-62లో లీగ్ సగటు 47.9, 1986-87లో 53.8. అంటే చాంబర్లిన్ తన కాలం కంటే 5.7 పైన, జోర్డాన్ 2.4 పైన. 2015-16లో స్టెఫెన్ కర్రీది 66.9, లీగ్‌ది 54.1. దాదాపు 13 పైన! ఆ సీజన్‌లో 402 త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) బుట్టలో పడేసిన సంగతి కంటే నన్ను ఆశ్చర్యపరిచేది ఈ అంతరమే. ఒక్క జాగ్రత్త: 1960లలో అదనపు ఫ్రీ త్రోల నిబంధనలు వేరు కాబట్టి ఆ కాలానికి 0.44 ఉజ్జాయింపు మాత్రమే.

రీబౌండ్ల (గురి తప్పి వచ్చిన బంతిని పట్టడం) దగ్గర అంకెల మోసం ఇంకా పెద్దది. ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62లో 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్ట్‌లతో (బుట్ట పడేలా చేసిన పాస్‌లు) సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్ సగటు, అంటే మూడింటిలోనూ పదికి తగ్గని సగటు, సాధించాడు. 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ 31.6, 10.7, 10.4తో దాన్ని అందుకున్నాడు. రాబర్ట్‌సన్ కాలంలో గురి తప్పే షాట్లు బోలెడు, మ్యాచ్‌కి రెండు జట్లకూ కలిపి సుమారు 140 రీబౌండ్లు. ఆయన 44 నిమిషాలకు పైగా ఆడేవాడు గనుక దాదాపు 130 ఆయన ముందే పడ్డాయి, వాటిలో పట్టింది నూటికి పదికి లోపే. వెస్ట్‌బ్రూక్ కాలంలో మొత్తం 87, ఆయన ఆడింది 34.6 నిమిషాలు, అంటే అందుబాటులో ఉన్నవి 63. వాటిలో 17 శాతం ఆయనవే. అయితే వెస్ట్‌బ్రూక్ జట్టులో పొడగరి ఆటగాళ్ళు ప్రత్యర్థుల్ని అడ్డుకుని బంతిని ఆయనకే వదిలేవారు, ఆ మేరకు తగ్గించుకోవాలి. అసిస్ట్‌లకొస్తే తూకం రాబర్ట్‌సన్ వైపే మొగ్గుతుంది. ఆ రోజుల్లో స్కోరర్లు అసిస్ట్ రాయడంలో పిసినారులు. పాస్ అందుకున్నవాడు బంతిని కాస్త నడిపించి షాట్ వేస్తే లెక్కలోకి వచ్చేది కాదు.

కోర్టు మీది గీతలు జరిగినా అంకెలు మారతాయి. బుట్ట కింద తిష్ఠ వేసే జార్జ్ మైకన్‌ను దూరం నెట్టడానికి 1951లో లేన్ (దాడి చేసేవాడు ఎక్కువసేపు నిలబడకూడని బుట్ట ముందరి గడి) వెడల్పు 6 అడుగుల నుంచి 12కి పెంచారు. ఆయన సగటు 28.4 నుంచి 23.8కి పడిపోయింది. చాంబర్లిన్ వచ్చాక 1964లో 16 అడుగులైంది. త్రీ పాయింట్ గీత 1979-80లో వచ్చింది, మధ్యలో 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. 1994-95 నుంచి మూడు సీజన్లపాటు అంతటా 22 అడుగులకే తెచ్చారు. ఈ మూడేళ్ళ అంకెల్ని విడిగా చూడకపోతే బోల్తా పడతాం. జోర్డాన్ త్రీల శాతం 1995-96లో 42.7. గీత వెనక్కి జరిగిన 1997-98లో 23.8.

అసలు లెక్కే లేనిచోట ఏం చేయాలి? బ్లాక్‌లు (ఎదుటివాడి షాట్‌ను చేత్తో ఆపడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) నమోదు 1973-74లో మొదలైంది. బిల్ రసెల్ 1969లోనే ఆట వదిలేశాడు. బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టకుండా తనవాడికి అందేలా తట్టడం ఆయన విద్య, ఒక్క దెబ్బతో షాటూ ఆగేది, ఎదురుదాడీ మొదలయ్యేది. దానికి ఒక్క అంకె కూడా లేదు. ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఫైనల్స్ ఎంవీపీ బహుమతి కూడా ఆయన చివరి ఏడు, 1969లోనే పుట్టింది, అదీ ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కి దక్కింది. రసెల్ ఖాతాలో సున్నా! ఇప్పుడా బహుమతికి ఆయన పేరే పెట్టారు.

13 సీజన్లలో ఆయన 11 టైటిళ్ళు మాత్రం అందరూ చెబుతారు. ఆయన మొదలుపెట్టినప్పుడు లీగ్‌లో 8 జట్లు, చాలాసార్లు నాకౌట్ దశలో రెండు సిరీస్‌లు గెలిస్తే టైటిల్. జోర్డాన్ ఆరు టైటిళ్ళూ 27 నుంచి 29 జట్ల మధ్య, ప్రతిసారీ నాలుగు సిరీస్‌లు దాటి వచ్చినవి. కానీ 8 జట్లంటే ప్రతిభ పలచబడలేదని కూడా అర్థం, మేటి సెంటర్లతోనే (బుట్ట దగ్గర ఆడే పొడగరులు) పదేపదే తలపడాలి. నా మటుకు ఆ 11ని ఏ లెక్కతోనూ సగానికి తగ్గించను.

కెరీర్ మొత్తాలు పోల్చేటప్పుడు వయసు చూడండి. 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ జేమ్స్ కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడు. లెబ్రాన్‌కు అది 1,410వ మ్యాచ్, కరీమ్ ఆడినవి 1,560. కానీ లెబ్రాన్ హైస్కూలు నుంచే 18 ఏళ్ళకు వచ్చాడు. కరీమ్ వచ్చేనాటికి ఆ దారి లేదు, నాలుగేళ్ళు కాలేజీలో గడిపి 1969లో అడుగుపెట్టాడు. ఇంకొకటి, ఆ రోజుకు లెబ్రాన్‌వి 2,200కి పైగా త్రీ పాయింటర్లు, కరీమ్‌ది 20 సీజన్లకూ కలిపి ఒక్కటి.

ఇప్పుడు మీకు నచ్చిన ఆటగాడి పేరు, సీజన్ చెప్పండి. ఆ ఏటి లీగ్ సగటు పక్కన రాసుకుని బోర్డు మీద లెక్క వేద్దాం.