బంకు అద్దం
(టంగుటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. క్యాన్సర్ గురించి చెప్పమని మీ ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆ బొమ్మ మీరు సిగరెట్ పెట్టె మీద చూస్తూనే ఉన్నారు. పదిహేడేళ్ల వాడికి అది తాతల జబ్బు. అందుకే నేను అద్దం గురించి మాట్లాడతాను.

ఇందాక మీ గేటు ఎదురు బంకులో టీ తాగాను. గుంజకి కట్టిన కొబ్బరి తాడు కొస రగులుతోంది, పక్కనే మేకుకి చిన్న అద్దం. ఇద్దరు కుర్రాళ్లు విడి సిగరెట్ ఒకటి కొని తాడుకి అంటించారు. కాలేజీకి వంద గజాల లోపు, పద్దెనిమిది నిండనివాళ్లకి అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది, సరే. బక్కగా ఉన్నవాడు గడ్డం పైకెత్తి, పొగ వదులుతూ అద్దంలో చూసుకున్నాడు. మీసం రాని ముఖానికి అదే మీసం. బొద్దుగా ఉన్నవాడు చొక్కా కిందికి లాక్కుంటూ, 'ఇది తాగితే ఆకలి చచ్చిద్దిరా, ఒళ్లు తగ్గిద్ది' అన్నాడు.

వాడన్నది పూర్తిగా అబద్ధం కాదు. నికోటిన్ మెదడులోకి వెళ్లి ఆకలిని మందగింపజేస్తుంది. అమెరికాలో 1920ల్లోనే లక్కీ స్ట్రైక్ వాళ్లు మిఠాయి బదులు సిగరెట్ అందుకోమని ఆడవాళ్లకి ప్రకటనలిచ్చారు.

మనకది కొత్తా? మా నాన్న పొగాకు వేసేవాడు. మంచు తడి ఆరకముందే ఆకు కోతకి దిగిన కూలీలు పది గంటలకల్లా గట్టు మీద కూలబడి వాంతులు చేసుకునేవాళ్లు. మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీసేవాళ్లు కాదు. పైత్యం అనుకునేవాళ్లం. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని తర్వాత చదువుకున్నాను. తాగకుండానే అన్నం సహించనీయని ఆకు అది.

ఇంకో తిరకాసుంది. పొగతాగేవాళ్లు బరువు కాస్త తక్కువున్నా, వాళ్లకి పొట్ట చుట్టూ కొవ్వు చేరే గుణం ఎక్కువ. బొద్దబ్బాయి చొక్కా లాగి దాచుకునేది అదే కదా! ఇక ఆకలి చచ్చిన బక్కోడికి కండ ఎక్కడ పడుతుంది?

మానాలనుకునేవాళ్లు 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో సన్నగా ఉండే ఒక కుర్రాణ్ణి 'అగ్గిపుల్లా' అని పిలిచేవాణ్ణి. క్లాసంతా నవ్వేది, వాడూ నవ్వేవాడు. ఏడాది తిరక్కుండా వాడి జేబులో నిజంగానే అగ్గిపెట్టె దొరికింది. చెంప మీద కొట్టాను. కొట్టేటప్పుడు కూడా వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు.