మంటకు కారం ఒక్కటే కారణం కాదు
(గుంటూరు మిర్చి యార్డు కార్మికుల ఆరోగ్య సదస్సులో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. సీజన్ మధ్యలో పని మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

గుండెల్లో మంట అని నా దగ్గరికి వచ్చే యార్డు మనుషుల్లో చాలామంది కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: "ఈ కారం వల్లేనండి." ఇంటికెళ్లి పచ్చడి మానేస్తారు, కూరలో కారం తగ్గిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే మంటతో వస్తారు. ఏం తిన్నారని అడిగినదానికన్నా ఎప్పుడు తిన్నారు, ఎంత తిన్నారు, తిన్నాక ఏం చేశారు అని అడిగితేనే నాకు ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

తిన్న అన్నం అన్నవాహికలో నుంచి పొట్టలోకి దిగుతుంది. ఆ రెండూ కలిసేచోట గుండ్రటి కండరం ఒకటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక మూసుకోవాలి. పొట్టలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాన్ని తట్టుకోవడానికి పొట్ట లోపల జిగురు పొర ఉంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. కండరం వదులైనా, పొట్ట మీద ఒత్తిడి పెరిగినా ఆమ్లం పైకి తన్నుతుంది. రొమ్ము ఎముక వెనక మంట, పుల్లటి త్రేన్పులు, ఒక్కోసారి పొడిదగ్గు, పొద్దున లేవగానే గొంతు బొంగురు, ఇవన్నీ దానివల్ల రావచ్చు.

మరి మిరపకాయ మాటేమిటి? అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యంలో నోబెల్ వచ్చింది. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ను ఆధారంగా చేసుకుని ఆయన మన నరాలలో వేడిని కనిపెట్టే గ్రాహకాన్ని గుర్తించారు. అదే గ్రాహకం ఆమ్లానికి కూడా స్పందిస్తుంది. అంటే అన్నవాహిక అప్పటికే ఆమ్లంతో ఒరుసుకుపోయి ఉంటే, దాని మీదుగా కారం దిగినప్పుడు మంట రెట్టింపుగా తెలుస్తుంది. అలాంటివాళ్లు కొన్నాళ్లు కారం తగ్గించాల్సిందే. కారం పడేవాళ్లు మానాల్సిన పని లేదు. బజ్జీలో మిరపకాయను అనుమానిస్తారు గానీ, అది వేగిన నూనెను ఎవరూ అనుమానించరు. కొవ్వు పొట్టలో నుంచి ఆలస్యంగా కదులుతుంది, పైన కండరాన్నీ వదులు చేస్తుంది. బీడీ, సిగరెట్, మందు కూడా అంతే.

ఇప్పుడు మీ పని గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తెల్లవారుజామున ఖాళీ కడుపున టీ మీద టీ. మధ్యాహ్నం దొరికిన కాసేపట్లో గబగబా కడుపు నిండా అన్నం. వెంటనే తువాలు నడుముకు బిగించి టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎత్తుతారు. మూతి సరిగా కట్టని నిండు గోతాన్ని నొక్కితే కాయలు పైకి వస్తాయి కదా, పొట్టలో జరిగేదీ అదే. తొడిమలు తీసే అక్కలు, తాలుకాయలు ఏరే అమ్మలు రోజంతా ముందుకు వంగి కూర్చుంటారు, వాళ్ల పొట్ట మీదా ఒత్తిడే. కమిషన్ దుకాణాలవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. అయ్యా, అన్నం తిన్న మనిషి చేత కనీసం అరగంట బరువు ఎత్తించకండి. ఏ మాత్రా చేయలేని మేలు అది.

రాత్రి లారీ పని ముగిశాక పదకొండింటికి ఇంటికి చేరి, కంచం నిండా తిని పడుకుంటే ఆమ్లం పైకి రాకుండా ఎలా ఉంటుంది? పడుకోవడానికి మూడు గంటల ముందు తినడం మంచిది. మీకది కుదరదని నాకు తెలుసు. అలాంటప్పుడు పని మధ్యలో ఏడెనిమిదింటికే సగం తినేయండి, ఇంటికొచ్చాక కొంచెం మజ్జిగన్నంతో సరిపెట్టుకోండి. రాత్రి మంటతో లేచేవాళ్లు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. రెండు దిండ్లు వేసుకుంటే నడుము దగ్గర వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. పొట్ట పెరిగినవాళ్లు కొన్ని కిలోలు తగ్గినా తేడా కనిపిస్తుంది.

గోలీసోడా తాగితే త్రేన్పు వచ్చి హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ గ్యాసుకి పొట్ట ఉబ్బుతుంది, త్రేన్పుతో పాటు ఆమ్లమూ పైకి వస్తుంది.

మందుల షాపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ మాత్రలు అడిగి కొనుక్కుని, అన్నం తిన్నాక వేసుకుంటున్నారు. అవి పొద్దున ఏదైనా తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. నెలల తరబడి డాక్టరును అడగకుండా వాడకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినా మంట తిరగబెడుతుంది. నడుంనొప్పికి సాయంత్రం వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు పొట్టను పుండు చేస్తాయి, మంటనూ పెంచుతాయి. ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ముద్ద మింగడం కష్టమైనా, బరువు తగ్గిపోతున్నా, విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా ఇంటి చిట్కాలతో రోజులు గడపకండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కి వెళ్లండి, ఎండోస్కోపీ (గొట్టంతో పొట్ట లోపల చూసే పరీక్ష) అవసరమేమో వాళ్లు చూస్తారు.

ఇంకొకటి. బరువు ఎత్తుతుంటే ఛాతీ పట్టేసినట్టు అయి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా వట్టి ఆయాసంగానే రావచ్చు. సోడా తాగి కాసేపు చూద్దాం అనుకోవద్దు, మేస్త్రీ ఏమంటాడో అని టెన్షన్ వద్దు. టిక్కీ అక్కడే దించి 108కి ఫోన్ చేయించండి. ఈసీజీ, మిగతా పరీక్షలు అయ్యాక గుండెపోటు కాదని తేలితే సంతోషంగా ఇంటికి రావచ్చు.

మీరు వాడుతున్న మాత్రలు, చీటీలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం. నొప్పి మాత్రలు కూడా బయటికి తీయండి.